ఏడేళ్ళ హద్దు — హిజానత్ నుంచి ఫ్యామిలీ కోర్టు వరకు

భార్యాభర్తలు విడిపోయిన ముస్లిం కుటుంబంలో పిల్లవాడు ఎవరి దగ్గర పెరగాలన్న ప్రశ్న వచ్చినపుడు హైదరాబాదు పరిసరాలలో పెద్దల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉంది. మగపిల్లవాడు ఏడేళ్ళ వరకు తల్లి దగ్గర, ఆ పైన తండ్రి దగ్గర. మాట చిన్నది, చెప్పడం సులువు. ఉప్పల్‌లోగాని నాచారంలోగాని పంచాయితీకి కూర్చున్నవారు దీనిని షరీఅత్ తేల్చి ఇచ్చిన పట్టా మాదిరిగా వినిపిస్తారు. కోర్టుకెక్కిన తండ్రి అదే మాటను అర్జీలో వ్రాయిస్తాడు. న్యాయమూర్తి ఆ మాటతోనే తృప్తి చెందక మరి పది సంగతులు విచారించినపుడు, కోర్టు షరీఅత్‌ను తోసిపుచ్చిందని నొచ్చుకొంటాడు. ఈ ఏడు అనే అంకె ఎక్కడ పుట్టింది, ఏ అర్థంతో పుట్టింది, ఏ దారిన నడిచి నేటి ఫ్యామిలీ కోర్టు గుమ్మం చేరింది అన్నది పరిశీలిస్తే ఆ నొప్పిలో చాలా భాగం అపార్థం వలన కలిగినదేనని తెలుస్తుంది.

దైవప్రవక్త (స) కాలంలోనే ఇటువంటి తగాదాలు వచ్చాయి. హదీసు గ్రంథాలలో వాటి వివరాలు నిలిచి ఉన్నాయి. విడాకులు పొందిన ఒక స్త్రీ తన బిడ్డను తండ్రి లాక్కోజూస్తున్నాడని మొరపెట్టుకొన్న సంగతి అబూ దావూద్ సంకలనంలో అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ద్వారా చేరింది. ఆమె మరొకరిని వివాహమాడనంత వరకు బిడ్డపై ఆమెకే ఎక్కువ హక్కు అని అక్కడ తీర్పు వచ్చింది. అబూ హురైరా (రజి) తెలిపిన మరొక సంఘటనలో పిల్లవాడు కొంత పెద్దవాడు. తల్లికి బావినుండి నీళ్ళు తెచ్చి ఇచ్చేపాటివాడు. అతనిని తల్లిదండ్రుల మధ్య నిలబెట్టి కోరుకోమన్నారు. అతడు తల్లి చేయి పట్టుకొన్నాడు. హజ్రత్ హమ్‌జా (రజి) కుమార్తె కోసం అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ పోటీపడినపుడు జాఫర్ (రజి) ఇంటికి పంపారు. కారణం ఆయన భార్య ఆ పిల్లకు తల్లి తోబుట్టువు కావడం. ఇక హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ నాటి సంఘటన ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తాను విడిచిన భార్యకు పుట్టిన ఆసిమ్ ఖుబా మసీదు దగ్గర ఆడుకొంటుండగా చూసి వాహనంపై ఎక్కించుకొన్నారు. అమ్మమ్మ అడ్డుపడింది. వ్యవహారం ఖలీఫా ముందుకు వెళ్ళింది. పిల్లవానిని ఆమెకే వదలమని ఖలీఫా చెప్పగా ఉమర్ (రజి) అంతటివారు మారు పలకలేదు.

ఈ నాలుగు తీర్పులలో వయసుకు అంకె కట్టిన చోటు ఒక్కటి లేదు. ఒక చోట పాలు త్రాగే దశ, ఒక చోట నీళ్ళు మోసే దశ, ఒక చోట తల్లిదండ్రులు కానివారి మధ్య ఎంపిక, ఒక చోట ఆటలాడుకొంటున్న బిడ్డను లాక్కుపోయిన తండ్రి. ప్రతి చోటా బిడ్డ ఏ స్థితిలో ఉన్నదీ చూసి నిర్ణయం చేశారు.

అంకె వచ్చింది తరువాత. హనఫీ ఫిఖ్హ్‌లో మగపిల్లవాడు తానై తినగలిగి, త్రాగగలిగి, బట్ట తొడుక్కొని, శుభ్రం చేసుకోగలిగే వరకు తల్లి దగ్గర ఉండాలన్నది మూల సూత్రం. ఆ తరువాత చదువు, మర్యాద, పురుషుల పనిపాటలు నేర్వవలసి ఉంటుంది కాబట్టి తండ్రి దగ్గరకు చేరాలి. అయితే ఖాజీ ముందు ఇద్దరు వాదులాడుతున్నపుడు పిల్లవానికి ఈ పనులన్నీ వచ్చునా రావా అని రోజూ పరీక్ష పెట్టడం సాధ్యం కాదు. అందుచేత బాగ్దాదుకు చెందిన ఇమామ్ అల్ ఖస్సాఫ్ ఒక అంచనా చెప్పారు. సాధారణంగా ఏడేళ్ళకు పిల్లలు ఆ స్థితికి వస్తారని. హిజ్రీ 261, అనగా క్రీ.శ. 874 ప్రాంతంలో మరణించిన ఈయన చెప్పులు కుట్టి జీవించినవారు, ఆ వృత్తి పేరే ఆయనకు పేరుగా నిలిచింది. ఖాజీల ధర్మాలపై, వక్ఫులపై, పోషణ ఖర్చులపై గ్రంథాలు వ్రాసిన ఆయనకు న్యాయస్థానపు ఇబ్బందులు బాగా తెలుసు. ఏడేళ్ళకే నమాజు నేర్పమన్న ఆదేశం ఉండడం వలన కూడా ఈ అంచనా జనానికి సహజంగా తోచింది. 12వ శతాబ్దపు మర్గీనానీ తమ హిదాయాలో ఖస్సాఫ్ మాటను అంచనాగానే ఉదహరించారు.

మిగిలిన ఇమాముల అభిప్రాయాలు వేరు. మాలికీ మార్గంలో మగపిల్లవాడు యుక్తవయసు వరకు, ఆడపిల్ల కాపురానికి వెళ్ళే వరకు తల్లి దగ్గరే. షాఫయీలు వివేకం వచ్చిన బిడ్డను కోరుకోమంటారు. హనఫీలు దీనికి ఒప్పుకోలేదు. చిన్నవాడు తనను ఆటలకు వదిలేవారినే కోరుకొంటాడు గాని తనకు మేలు చేసేవారిని కాదని వారి వాదన. నేటి కాలపు తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక చక్కగా అర్థమవుతుంది. ఇస్నా అషరీ షియా మార్గంలో మగపిల్లవానికి రెండేళ్ళు, ఆడపిల్లకు ఏడేళ్ళు. నాచారానికి ఉత్తరాన మౌలాలి గుట్ట కనిపిస్తుంది, దక్షిణాన పాతబస్తీ దాటితే షాఫయీ అరబ్బుల బార్కస్ ఉంది. ఒక్క హైదరాబాదు నగరంలోనే మూడు మార్గాల ముస్లింలు కాపురం ఉంటున్నపుడు ఏడు అనే అంకెను మొత్తం షరీఅత్ మాటగా చెప్పడం పొరపాటు.

ఇక్కడ మరొక భేదం గుర్తుంచుకోవాలి. హిజానత్ వేరు, విలాయత్ వేరు. బిడ్డను దగ్గర ఉంచుకొని సాకడం హిజానత్. ఆస్తిపాస్తులు, వివాహం, చదువు వంటి వ్యవహారాలలో బిడ్డ తరఫున నిలబడడం విలాయత్. తండ్రి వలీగా ఉంటూనే బిడ్డ తల్లి ఇంట పెరగవచ్చు. పోషణ ఖర్చు తండ్రిదే. తల్లి దగ్గర ఉన్నంత మాత్రాన తండ్రి చూడకూడదని కూడా లేదు. హిదాయాలో ఆసక్తికరమైన నియమం ఒకటి కనిపిస్తుంది. విడిపోయిన తల్లి బిడ్డను తీసుకొని ఊరు మారిపోరాదు, తన పుట్టిన ఊరై నికాహ్ కూడా అక్కడే జరిగి ఉంటే తప్ప. కాని రెండు ఊళ్ళు ఎంత దగ్గరంటే తండ్రి వెళ్ళి బిడ్డను చూసి రాత్రికి తన ఇంట నిద్రించగలిగితే ఆక్షేపణ లేదు. వేయి సంవత్సరాల నాటి న్యాయవేత్తలు దూరాన్ని మైళ్ళలో కాక తండ్రి రాకపోకలలో కొలిచారన్నమాట.

ఇంత మెత్తగా ఉన్న శాస్త్రం గట్టిపడింది ఆంగ్లేయుల పాలనలో. 1772లో వారన్ హేస్టింగ్స్ ముస్లింల వివాహం, వారసత్వం వంటి వ్యవహారాలలో వారి ధర్మశాస్త్రమే చెల్లుతుందని ఏర్పాటు చేశాడు. అరబ్బీ హిదాయాను మౌల్వీలచేత పారశీకంలోకి, దానినుండి చార్లెస్ హామిల్టన్ చేత ఇంగ్లీషులోకి తెప్పించారు. అది 1791లో అచ్చయింది. ఖాజీ చేతిలో ఆ గ్రంథం వెనుక గురువులు, వ్యాఖ్యానాలు, ఊరి వాడుక ఉండేవి. ఇంగ్లీషు జడ్జి చేతిలో అది సెక్షన్లున్న చట్టంలా మారింది. 1897లో ప్రీవీ కౌన్సిల్ పాత వ్యాఖ్యాతలను కాదని కొత్త అర్థాలు తీయరాదని కూడా చెప్పింది. అంచనాగా పుట్టిన ఏడేళ్ళు ఈ విధంగా గడువైపోయింది. 1918లో ఇమాంబాందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తరఫున తీర్పు వ్రాసిన జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ గారు తల్లికి ఒక వయసు వరకు బిడ్డను ఉంచుకొనే హక్కే గాని బిడ్డ ఆస్తిని అమ్మే అధికారం లేదని స్పష్టం చేశారు. ఆస్తి తగాదాలో వచ్చిన ఈ తీర్పును తరువాతి వకీళ్ళు బిడ్డను లాక్కొనే తగాదాలలోనూ ఎడాపెడా వాడారు.

అయితే అదే పాలకులు 1890లో చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో మరొక ద్వారం తెరచి ఉంచారు. దాని 17వ సెక్షను ప్రకారం మైనరుకు వర్తించే ధర్మశాస్త్రానికి అనుగుణంగా, మైనరు క్షేమం ఎందులో ఉందో చూసి కోర్టు నిర్ణయించాలి. వయసు, ఆడో మగో, మతం, కోరేవారి నడవడి, సామర్థ్యం, బంధుత్వం చూడాలి. బిడ్డకు తెలివి వచ్చి ఉంటే అభిప్రాయం తీసుకోవచ్చు. శాస్త్రం, క్షేమం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. రెంటిలో దేనికి బరువు ఎక్కువ అన్నదే తరువాతి వందేళ్ళ వాదం. 1973లో సుప్రీంకోర్టు పిల్లలు తల్లిదండ్రుల సొత్తు గాని ఆటవస్తువులు గాని కారని చెప్పిన నాటినుండి తక్కెడ క్షేమం వైపు స్పష్టంగా మొగ్గింది.

నిజాం రాజ్యంలో కథ వేరుగా నడిచింది. బ్రిటిషు ఇండియా చట్టాలు ఇక్కడ తమంతట తాము చెల్లేవి కావు. నగరంలో దారుల్ ఖజా ముస్లింల నికాహ్, తలాక్, మహర్ వ్యవహారాలు చూసేది. రాజధాని చుట్టూ ఉన్న పల్లెలు అత్రాఫె బల్దా జిల్లా కింద, అందులో అధికభాగం నిజాం స్వంత సర్ఫె ఖాస్ కింద ఉండేవి. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరిన తరువాత 1951 నాటి పార్ట్ బి రాష్ట్రాల చట్టంతో 1890 చట్టం ఈ ప్రాంతానికి వచ్చింది. 1937 నాటి షరీఅత్ చట్టం, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం మాత్రం 1960 ఫిబ్రవరి 1 నుండి గాని పూర్వపు హైదరాబాదు రాజ్యానికి వర్తించలేదు.

సరిగా ఆ కాలంలోనే ఉప్పల్, నాచారం రూపం మారింది. 1961లో ఉప్పల్ రోడ్డున జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వెలసింది, పారిశ్రామికవాడలు పెరిగాయి. వరంగల్ రోడ్డు నగరంలో ప్రవేశించే చోటు కావడం వలన భువనగిరి, జనగామ, వరంగల్ వైపునుండి పని వెదుక్కొంటూ వచ్చిన కుటుంబాలు ఇక్కడే దిగి ఇక్కడే ఉండిపోయాయి. ఇంట తెలుగు మాట్లాడి తెలుగులోనే చదువుకొన్న ముస్లింలు వారిలో ఎందరో. కాపురం నాచారంలో, పుట్టిల్లు జనగామలో. కాపురం చెడితే తల్లి పిల్లలతో పుట్టింటికి పోతుంది. లేదా తండ్రి పిల్లవానిని నాయనమ్మ దగ్గర దించి వస్తాడు. అప్పుడు మొదటి తగువు బిడ్డ ఎవరిదన్నది కాదు, ఏ ఊరి కోర్టు అన్నది. చట్టం 9వ సెక్షను మైనరు మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం ఇస్తుంది. తార్నాకకు ఆవల హైదరాబాదు జిల్లా, హబ్సిగూడ దాటితే వేరు జిల్లా. నగరవాసులు పురానీ హవేలీ మెట్లెక్కితే ఉప్పల్ వారు చాలాకాలం రంగారెడ్డి జిల్లా కోర్టుల కోసం ఎల్.బి.నగర్ వెళ్ళారు. 2016 అక్టోబరులో ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది, 2022 జూన్‌లో కొత్త న్యాయ జిల్లాలు పనిచేయసాగాయి. బిడ్డను ఎత్తుకుపోయి కొన్ని వారాలు వేరొక ఊళ్ళో ఉంచినంత మాత్రాన అది మామూలు నివాసం కాదు. మామూలు నివాసం ఏదన్నది ఒక్కొక్క కేసు వాస్తవాలను బట్టి తేల్చవలసిందేనని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. బిడ్డతో ఊరు మారడాన్ని హిదాయా ఎందుకు కట్టడి చేసిందో ఇక్కడ బోధపడుతుంది.

1984లో పార్లమెంటు ఫ్యామిలీ కోర్టుల చట్టం చేసింది. పది లక్షలు దాటిన నగరాలలో ఇవి ఉండి తీరాలి. మామూలు సివిల్ కోర్టుకు, దీనికి ఉన్న తేడాలు ముస్లిం పాఠకులకు కొత్తగా తోచవు. మొదట రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి విధి. విచారణ మూసిన తలుపుల వెనుక జరపవచ్చు. సాక్ష్య చట్టపు బిగింపులు సడలించబడ్డాయి. వకీలును పెట్టుకోవడం హక్కుగా లేదు, కోర్టు అనుమతిస్తేనే. సంక్షేమ రంగంలో అనుభవం ఉన్నవారి సాయం తీసుకోవచ్చు. వెనుకటి ఖాజీ గారి కూటమిలో కూడా పద్ధతి దాదాపు ఇదే.

ఇక నిర్ణయం ఎట్లా జరుగుతుంది? అర్జీ పడగానే కౌన్సిలర్ ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. రాజీ కుదరకపోతే మధ్యంతర ఉత్తర్వు వస్తుంది. బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉంచి, రెండవవారికి వారాంతంలో కోర్టు ఆవరణలోనో మరొక చోటనో చూసే వేళ, సెలవులలో కొన్ని రోజులు ఇవ్వడం తరచుగా జరిగేది. ఆ పైన సాక్ష్యాలు. ఇంతకాలం అన్నం పెట్టి బడికి పంపినది ఎవరు, ఇంట్లో ఇంకెవరు ఉన్నారు, కొట్టడం తిట్టడం ఉన్నాయా, సంపాదన ఎంత, సంపాదించేవారికి తీరిక ఎంత. నాచారం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే తండ్రి అర్జీ వేస్తే న్యాయమూర్తి అడిగేది జీతం గురించి మాత్రమే కాదు, రాత్రివేళ పిల్లవాడు ఎవరి ప్రక్కన పడుకొంటాడని కూడా. ఫిఖ్హ్ గ్రంథాలు తల్లి తరువాత అమ్మమ్మ, నాయనమ్మ, అక్కచెల్లెళ్ళు, పినతల్లులు అని వరుస కట్టింది ఈ ప్రశ్నకు జవాబుగానే. తల్లి తక్కువ సంపాదించడం ఆమెకు దోషంగా లెక్కించడం సబబు కాదు. ఆ లోటు తండ్రి ఇచ్చే పోషణ ఖర్చుతో పూడవలసినది. చివరకు బిడ్డను ఛాంబరులోకి పిలిచి న్యాయమూర్తి ఒంటరిగా మాట్లాడవచ్చు. బిడ్డ మాట ఒక ఆధారమే, తీర్పు కాదు. నేర్పి పంపిన మాటలు అనుభవం ఉన్న న్యాయమూర్తి చెవికి తెలిసిపోతాయి.

తల్లి పునర్వివాహం చేసుకొంటే హిజానత్ పోతుందన్న నియమాన్ని నేటి కోర్టులు ఏకైక కారణంగా తీసుకోవు. ఫిఖ్హ్‌లోనూ ఆ నియమానికి కారణం చెప్పబడింది. పరాయి పురుషుడు బిడ్డకు పెట్టే ముద్దను లెక్కపెడతాడని భయం. కొత్త భర్త బిడ్డకు మహ్రమ్ అయిన బంధువైతే హక్కు పోదు. కారణం పోయిన చోట నియమం సడలుతుందన్నమాట. తండ్రి పునర్వివాహం కూడా అట్లాగే తూకంలో ఒక రాయి. 2010లో బెంగుళూరు ముస్లిం కుటుంబపు కేసులో తల్లి మరణించింది, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకొన్నాడు, పిల్లలు తల్లివైపు బంధువుల దగ్గర ఉన్నారు. తండ్రి వలీ అన్న సంగతిని కాదనకుండానే, బిడ్డలను ఉంచుకొనే ప్రశ్న వేరని చెప్పి, కేసు తేలేవరకు వారిని అక్కడే ఉంచడానికి సుప్రీంకోర్టు సమ్మతించింది. హిజానత్, విలాయత్‌ల పాత భేదమే ఇక్కడ కేసును నిలబెట్టింది. ఆసిమ్‌ను అమ్మమ్మకు వదలిన తీర్పు తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

కోర్టుల పద్ధతిలో నిజమైన లోపం మరొక చోట ఉంది, అది కాలం. అయిదేళ్ళప్పుడు వేసిన అర్జీ తేలేసరికి బిడ్డకు తొమ్మిదేళ్ళు రావచ్చు. ఆపైన ముప్పై రోజులలో హైకోర్టుకు అప్పీలు. ఈలోగా ఎవరి ఇంట ఉన్నాడో వారికే అలవాటుపడతాడు. ఆ అలవాటే తీర్పులో సాక్ష్యమవుతుంది. ముందుగా ఎత్తుకుపోయినవాడికి లాభం చేకూరే ఈ పరిస్థితిని సుప్రీంకోర్టు గమనించకపోలేదు. 2017లో ఒక కేసులో, పసితనం నుండి తండ్రి ఇంటనే పెరిగిన ఆడపిల్లను, ఆమె అక్కడ సుఖంగానే ఉన్నా, తల్లి ప్రేమ ఎరుగకుండా చేయబడిందన్న కారణంగా తల్లికి అప్పగించడాన్ని సమర్థించింది. 2020లో, దగ్గర లేని తల్లికిగాని తండ్రికిగాని బిడ్డతో వీలైనంత తరచుగా, అవసరమైతే వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే అవకాశం ఉండాలని చెప్పింది. ఉప్పల్ తండ్రికి భువనగిరి దగ్గరే, ప్రొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. వరంగల్ అయితే కష్టం. మధ్యంతర ఉత్తర్వు కోరేవారు ఈ దూరాన్ని మొదటి వాయిదాలోనే కోర్టు ముందు పెట్టడం మేలు.

మన పెద్దల కూటములలో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఖులా కోరిన స్త్రీచేత మహర్ వదులుకొన్నట్టుతోపాటు బిడ్డను కూడా వదులుకొన్నట్టు వ్రాయించుకొంటారు. బిడ్డ భర్త దగ్గర ఉండాలన్న షరతుతో ఖులా జరిగితే ఖులా చెల్లుతుంది, షరతు చెల్లదు అన్నది హనఫీ న్యాయవేత్తల మాట. హిజానత్‌లో బిడ్డ హక్కు కూడా ఉండడమే కారణం. ఫ్యామిలీ కోర్టు కూడా అటువంటి కాగితానికి కట్టుబడదు, బిడ్డ క్షేమాన్ని తానే విచారిస్తుంది. పైగా ప్రైవేటు దారుల్ ఖజాల నిర్ణయాలకు చట్టబలం లేదని, ఇష్టపడి ఒప్పుకొన్నవారి మధ్యనే అవి పనికివస్తాయని 2014లో సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. కాబట్టి ఉప్పల్ కూటమిలో వ్రాసిన కాగితం బిడ్డ విషయంలో షరీఅత్ దృష్టిలోనూ, కోర్టు దృష్టిలోనూ నిలవదు.

పోషణ సంగతి కూడా ఇందులో భాగమే. 1986 నాటి ముస్లిం స్త్రీల చట్టంలో బిడ్డకు రెండేళ్ళ వరకు అన్న మాట చూసి తండ్రి బాధ్యత అంతటితో తీరిందని వాదించినవారున్నారు. ఆ రెండేళ్ళు తల్లికి ఇచ్చేదానికి సంబంధించినవని, బిడ్డకు స్వంతంగా పోషణ కోరే హక్కు వేరుగా ఉన్నదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం తక్షణ తలాక్‌కు గురైన స్త్రీకి మైనరు పిల్లలను తన దగ్గర ఉంచుకొనే హక్కును మేజిస్ట్రేటు నిర్ణయించే పద్ధతిలో ఇచ్చింది. హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసులోనే 2024 జూలైలో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 125వ సెక్షను కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు మరల స్పష్టం చేసింది. బిడ్డ ఏడేళ్ళు దాటి తండ్రి ఇంటికి వచ్చినా, పది దాటి తల్లి ఇంటనే ఉన్నా, బడి ఫీజు కట్టవలసినవాడు మాత్రం మారడు.